ఎవరి తరఫున వచ్చారు?

పంజగుట్టలో రూము, అమీర్‌పేటలో కోర్సు, మధ్యలో ఎర్రమంజిల్. 2000 ప్రాంతంలో ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదు వచ్చిన నాలాంటివాళ్ళకి నగరమంటే అంతే. పొద్దున్న జావా, సాయంత్రం ఒరాకిల్, రాత్రికి కర్రీ పాయింట్ నించి పప్పూ వేపుడూ. ఆ గుట్ట మీద ఒక పాత మహల్ ఉందని తెలుసు గానీ ఒక్కసారైనా ఎక్కి చూసిన పాపాన పోలేదు. చుట్టూ ప్రభుత్వ ఇంజనీర్ల ఆఫీసులు, జలసౌధ, జీపులు. ఎర్ర గుట్ట మీద కట్టారు కాబట్టి ఎర్రమంజిల్ అని ఒక లెక్క, ఫార్సీలో ఇరం అంటే స్వర్గవనం కాబట్టి ఇరం మంజిల్ అని ఇంకో లెక్క. కట్టించిన నవాబు ఫక్రుల్ ముల్క్ రెండూ కలిసొచ్చేట్టు పేరు పెట్టాడంటారు.

ఇప్పుడు మ్యాపు తెరిచి, ఎర్రమంజిల్ మీద వేలు పెట్టి, చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల గీత గియ్యండి. సోమాజిగూడలో రాజ్ భవన్ తగుల్తుంది. దాని పాత పేరు షా మంజిల్, హైదరాబాదు సంస్థానం ప్రధానమంత్రి అధికార నివాసం. బేగంపేటలో పైగా ప్యాలెస్, 2008 నించి 2023 దాకా అమెరికా కాన్సులేట్ ఉన్న బంగ్లా. అదే బేగంపేటలో సంస్థానం చివరి ప్రధానమంత్రి మీర్ లాయఖ్ అలీని గృహనిర్బంధంలో పెడితే, 1950 మార్చిలో కాపలావాళ్ళ కళ్ళుగప్పి బొంబాయి మీదుగా కరాచీ చేరుకున్నాడు. మనం రోజూ సిగ్నల్ దగ్గర తిట్టుకుంటూ నిలబడే ఈ కాస్త మేరలోనే ఒక రాజ్యం విదేశాంగ చరిత్ర ఇంత ఉంది.

పైగా ప్యాలెస్ గేటు ముందు 2010లో ఒక పొద్దున్న నేనూ ఫైలు పట్టుకుని నిలబడ్డాను. మాకు ముందు బ్యాచ్ వాళ్ళకి ఆ భాగ్యం లేదు, స్టాంపింగ్ అంటే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోవాల్సిందే. కిటికీ అవతలావిడ గట్టిగా అడిగినవి రెండే ప్రశ్నలు. ఎంప్లాయర్ ఎవరు? క్లయింట్ ఎవరు? ఉత్తరాలు చూపించాను, అయిపోయింది. బయటికొచ్చి ఆటో కోసం చూస్తుంటే ఒక కుతూహలం మొదలైంది. ఈ బంగ్లా కట్టించిన వికారుల్ ఉమ్రా (ఫలక్‌నుమా కట్టించింది కూడా ఈయనే) లాంటి నవాబుల కాలంలో హైదరాబాదు నించి పెద్ద రాజ్యాలకి రాయబారాలు వెళ్ళేవి కదా, వాళ్ళని కూడా ఎవరైనా ఈ రెండు ప్రశ్నలు అడిగారా అని. తర్వాత చాలా ఏళ్ళు దొరికిందల్లా చదివాను. అడిగారు. మాటలు వేరు గానీ ప్రతిసారీ అదే ప్రశ్న.

మొదట్నించీ చెప్తే చాంతాడవుతుంది కాబట్టి గబగబా వచ్చేస్తాను. 1780ల చివర్లో నిజాం అలీఖాన్ తరఫున మీర్ ఆలం కలకత్తా వెళ్ళి కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌తో బేరాలు నడిపాడు. మీర్ ఆలం చెరువు పేరులో ఉన్నాయనే. అప్పటికింకా ఇద్దరూ కాస్త సమానంగానే మాట్లాడుకుంటున్నారు. 1789 జూలై 7న కారన్‌వాలిస్ రాసిన ఉత్తరం ఒప్పందంతో సమానమని తర్వాత బ్రిటిష్ పార్లమెంటే ఒప్పుకుంది. పదేళ్ళు గడిచేసరికి సీను మారిపోయింది. 1798లో నిజాం దగ్గరున్న ఫ్రెంచి పటాలాన్ని కంపెనీ రద్దు చేయించింది. 1800 ఒప్పందంలో, కంపెనీకి చెప్పకుండా, దానితో సంప్రదించకుండా వేరే ఏ రాజ్యంతోనూ మాట్లాడనని నిజాం రాసిచ్చాడు. హైదరాబాదు విదేశాంగ శాఖ అక్కడితో షట్టర్ దించేసినట్టే. రెసిడెంట్ మాత్రం కోఠిలో తెల్లటి స్తంభాల మహల్ కట్టుకుని కూచున్నాడు. మనకి ఉమెన్స్ కాలేజీగా తెలిసిన కోఠి బంగ్లా అదే.

ఇక అసలు రాయబారం. 1853లో బీరారుని, అంటే ఇప్పటి అమరావతి, అకోలా, యవత్‌మాల్ వైపు పత్తి నేలల్ని, కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. కారణం బాకీ. హైదరాబాదు కంటింజెంటు అని ఒక సైన్యం, దాని ఆఫీసర్లు ఇంగ్లీషువాళ్ళు, ఖర్చు నిజాంది, ఆ ఖర్చు కట్టలేకపోతే అప్పు, అప్పు తీరకపోతే జిల్లాలు. క్రెడిట్ కార్డు మినిమం డ్యూ కట్టుకుంటూ పోయేవాడి కథే. మొదటి సాలార్ జంగ్ ఆ ఏడాదే దివాన్ అయ్యాడు, ఆయనకప్పుడు పాతికేళ్ళలోపు వయసు. బీరారు వెనక్కి తేవడం అనేది ఆయనకి జీవితాంతం పట్టుకున్న పిచ్చి. ఇక్కడ రెసిడెంటు దగ్గర, కలకత్తాలో వైస్రాయి దగ్గర పని జరగదని తేలిపోయాక, నేరుగా పెద్దాఫీసుకే పోదామని 1876లో లండన్ బయల్దేరాడు.

ఈ ప్రయాణం గురించి చదువుతుంటే నవ్వూ జాలీ ఒకేసారి వస్తాయి. పారిస్ హోటల్లో మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలుతోనే లండన్ చేరాడు. విందులకి లోటు లేదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు గౌరవ డాక్టరేటు ఇచ్చారు, లండన్ నగరం పౌరసత్వ గౌరవం ఇచ్చింది, విక్టోరియా రాణి దర్శనం ఇచ్చింది. 1857లో హైదరాబాదుని తిరుగుబాటులోకి పోకుండా ఆపినవాడు కదా, ఆ కృతజ్ఞత ఉంది. బీరారు మాట ఎత్తితే మాత్రం ఇండియా మంత్రి సాలిస్బరీ దగ్గర ఒకటే దారి: పిటిషన్ ఏదైనా ఉంటే ఇండియా ప్రభుత్వం ద్వారా పంపించండి. అంటే ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ సంతకంతోనే రావాలన్నమాట. మీ మేనేజర్ మీద ఎస్కలేషన్ మీ మేనేజర్ అప్రూవల్‌తోనే పెట్టుకోవాలి అన్నట్టు. ఆ తర్వాత వచ్చిన జవాబు ఇంకా తమాషా. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా చిన్నపిల్లాడు, ఆయన పెద్దయి తన నోటితో అడిగేదాకా ఈ విషయం ఆగాలి అన్నారు. ఎంప్లాయర్ ఎవరు అన్న ప్రశ్న ఇదే. సాలార్ జంగ్ 1883లో కలరాతో పోయాడు, బీరారు రాలేదు. ఆ నిజాం పెద్దయ్యాక, 1902లో కర్జన్ స్వయంగా హైదరాబాదు వచ్చి, ఏడాదికి 25 లక్షల రూపాయల మీద బీరారుని శాశ్వత కౌలుకి రాయించుకుపోయాడు.

అదే 1876 యాత్రలో సాలార్ జంగ్ రోములో ఒక పాలరాతి బొమ్మ కొన్నాడు. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో మనందరం నోరు తెరుచుకుని చూసిన ముసుగు రెబెక్కా. ఒక రాజ్యపు దౌత్య యాత్ర నించి నికరంగా ఇంటికొచ్చింది అదీ.

మన పౌరాణిక నాటకాల్లో సంజయ రాయబారం ఒకటి ఉంటుంది, కృష్ణ రాయబారం ఒకటి ఉంటుంది. సంజయుడి దగ్గర తియ్యటి మాటలే గానీ ఇవ్వడానికి ఒక్క ఊరు లేదు. కృష్ణుడి వెనక ఏడు అక్షౌహిణులున్నాయి, అయినా పని జరగలేదు. హైదరాబాదు వాళ్ళది మూడో రకం. మాట్లాడే హక్కు ఉందో లేదో తేల్చుకోవడానికే సగం జీవితం సరిపోయింది.

ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1920ల్లో మళ్ళీ బీరారు అడిగాడు. ఈసారి స్వరం పెంచి, విదేశీ వ్యవహారాల్లో తప్ప మిగతా అన్నింట్లో నేను మీతో సమానమే, మన తగువు తటస్థులతో తీర్పించండి అన్నాడు. 1926 మార్చి 27న వైస్రాయి రీడింగ్ జవాబు రాశాడు. సారాంశం: ఏ సంస్థానాధీశుడూ బ్రిటిష్ ప్రభుత్వంతో సమాన హోదాలో బేరం చేస్తానని అనలేడు. ఈ ఉత్తరం గుర్తుపెట్టుకోండి, 22 ఏళ్ళ తర్వాత అక్కరకొస్తుంది, నిజాంకి కాదు.

1947. బ్రిటిష్ వాళ్ళు మూటాముల్లె సర్దుకుంటున్నారు. హైదరాబాదు ఎనభై రెండు వేల చదరపు మైళ్ళ పైన, కోటీ అరవై లక్షల జనం, సొంత రూపాయి, సొంత రైలు, సొంత పోస్టు. సార్వభౌమత్వం నాకే తిరిగొచ్చేసిందని నిజాం వాదన. వాదించడానికి వాల్టర్ మాంక్టన్ అనే ఇంగ్లీషు లాయర్‌ని పెట్టుకున్నాడు, ఎడ్వర్డ్ రాజు సింహాసనం వదులుకున్నప్పుడు ఆయన వ్యవహారాలు చూసినాయన. మన భాషలో టాప్ రేటు కన్సల్టెంట్. మాంక్టన్, ప్రధాని ఛత్తారీ నవాబు, సర్ సుల్తాన్ అహ్మద్ కలిసి ఢిల్లీతో నెలల తరబడి మాట్లాడి ఒక యథాతథ ఒప్పందం చిత్తు తయారుచేశారు. అక్టోబరు 27 తెల్లవారుజామున ఢిల్లీ విమానం ఎక్కాలి. తెల్లారకముందే ఇత్తెహాద్ తాలూకు జనం వేలల్లో వచ్చి ముగ్గురి ఇళ్ళూ ముట్టడించారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. విమానం ఎక్కలేదు. ఛత్తారీ రాజీనామా చేశాడు, లాయఖ్ అలీ వచ్చాడు.

నా ఉద్దేశంలో హైదరాబాదు దౌత్యం ఓడిపోయింది పారిస్‌లో కాదు, ఢిల్లీలో కాదు, ఆ రాత్రే. సొంత రాయబారిని సొంత ఊళ్ళో గుమ్మం దాటనివ్వని రాజ్యం తరఫున రేపు ఎవరొచ్చి మాట్లాడినా, నీ వెనక ఉన్నది రాజా, ఆ గుంపా అని అవతలివాడు అడగడూ?

నెల తిరిగేసరికి, నవంబరు 29న, దాదాపు అవే షరతుల మీద కొత్త బృందం యథాతథ ఒప్పందం చేసుకొచ్చింది. అటూ ఇటూ ఏజెంట్లని పెట్టుకోవాలని అందులో ఉంది. ఇండియా తరఫున కె.ఎం. మున్షీ 1948 జనవరిలో వచ్చి బొలారంలో సైన్యం బంగ్లాలో దిగాడు. హైదరాబాదు తరఫున ఢిల్లీ వెళ్ళింది నవాబ్ జైన్ యార్ జంగ్. ఈయన ఆర్కిటెక్టు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎలా ఉండాలో చూసి రమ్మని నిజాం ప్రభుత్వం ప్రపంచమంతా తిప్పిన ఇద్దరిలో ఒకడు. లాయఖ్ అలీ కూడా ఇంజనీరే. దేశం మునిగిపోతుంటే ఇంజనీర్లని క్లయింట్ మీటింగులకి తోలే అలవాటు మన ఊరికి అప్పట్నించే ఉందన్నమాట! సరదాకి అన్నాను గానీ, జైన్ యార్ జంగ్ పరిస్థితి తల్చుకుంటే దిగులేస్తుంది. ఒప్పందం అతుక్కునే దారి కోసం ఢిల్లీలో ఆయన తంటాలు, ఇక్కడ రజాకార్ల కాశిం రజ్వీ ఉపన్యాసాలు. కరాచీ నించి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ రాత్రిళ్ళు విమానాల్లో తుపాకులు తెచ్చి దింపుతున్నాడు. ఇలాంటి డెమోకి ఎవర్ని పంపినా ఒకటే.

1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఉత్తరం పంపింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా తగువుని మండలి ముందుకి తేవచ్చని చార్టర్ 35వ అధికరణంలో ఉంది, దాని కింద. అదే రాత్రి కాచిగూడలో, ఆఫీసు నించి ఇంటికి నడిచి వెళ్తున్న ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని కాల్చి, చెయ్యి నరికారు. మర్నాడు తెల్లవారకముందే ప్రాణం పోయింది. ఇండియాలో చేరడమే మంచిదని రాయడం ఆయన చేసిన నేరం. ఇంకో ఆరు రోజులకి, 27న, రజాకార్లు బైరాన్‌పల్లి మీద పడ్డారు. న్యూయార్క్ వెళ్ళిన కాగితంలో హైదరాబాదు ప్రజలు అనే మాట ఉంటే, ఆ ప్రజలు వీళ్ళేనా?

మా తాతది సూర్యాపేట దగ్గర పల్లె. చిన్నప్పుడు నేను అడిగితే ఆయన చెప్పేవి లెవీ ధాన్యం, వెట్టి, దొర గడీ, రాత్రిపూట జొన్నచేలో పడుకోవడం. తన తరఫున ఎవరో సూట్లేసుకుని పారిస్ వెళ్ళారని ఆయనకి చచ్చేదాకా తెలీదు. నేను చెప్పబోయాను ఒకసారి, "మమ్మల్ని అడిగిండ్రా వాళ్ళు?" అన్నాడు, బీడీ ఆర్పేసి పడుకున్నాడు.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి కూర్చుంది. అధ్యక్ష స్థానంలో బ్రిటన్ ప్రతినిధి కాడొగన్, నిన్నటిదాకా హైదరాబాదుకి పైవాడు. హైదరాబాదు బృందానికి నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్, ఆర్థిక, విదేశాంగ వ్యవహారాలు చూసే మంత్రి. ఇండియా తరఫున రామస్వామి మొదలియార్. హైదరాబాదు ఏనాడూ రాజ్యం కాదు, అంతర్జాతీయ హోదా ఎప్పుడూ లేదు, కాబట్టి ఈ ఫిర్యాదే చెల్లదు అని ఆయన వాదన. చూశారా, 1926లో రీడింగ్ నిజాంకి చెప్పిన మాటే, తెల్లదొర నోటి నించి స్వతంత్ర భారత ప్రతినిధి నోటికి మారింది. దీని మీద మనవాళ్ళెవరూ పెద్దగా ఇబ్బంది పడినట్టు కనపడదు.

అయినా విషయాన్ని అజెండాలో చేర్చుకున్నారు. అనుకూలం 8, వ్యతిరేకం సున్నా, తటస్థం 3 (చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్). ఒక్క రోజు హైదరాబాదుకి ప్రపంచ పటంలో చోటు దొరికింది. మర్నాడు సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు, 18న జనరల్ చౌధురి పగ్గాలు తీసుకున్నాడు. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్‌కి కూడా నిజాం మొర పెట్టుకున్నాడు, అమెరికా వేలు పెట్టలేదు. పెద్ద రాజ్యాలకి అప్పుడు బెర్లిన్ దిగ్బంధం తలనొప్పి.

22న నిజాం నించి సమితికి సందేశం వెళ్ళింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను, ఆ బృందానికి నా తరఫున మాట్లాడే అధికారం లేదు అని. మర్నాడు రేడియోలో, నిరుడు ఛత్తారీ ఇల్లు ముట్టడించిన గుంపే లాయఖ్ అలీ మంత్రివర్గాన్ని నా నెత్తిన రుద్దింది అన్నాడు. పారిస్‌లో మొయిన్ నవాజ్ జంగ్ చేతిలో వాదన ఉంది, క్లయింట్ లెటర్ లేదు. ఆ సందేశం నిజాం తన ఇష్టంతో పంపింది కాదు అన్నది వాళ్ళ వాదన. సైన్యం గుమ్మంలో ఉండగా రాసిన ఉత్తరం కాబట్టి ఆ వాదన కొట్టిపారెయ్యలేం. కానీ అంతకుముందు పది నెలలు రజాకార్లు గుమ్మంలో ఉండగా రాసిన ఉత్తరాల సంగతేమిటి? 28న మండలి మళ్ళీ విని ఊరుకుంది. 1949 మేలో పాకిస్తాన్ ఇంకోసారి కదిపింది, ఏమీ జరగలేదు. 'హైదరాబాదు ప్రశ్న' అనే పేరు మాత్రం మండలి పెండింగ్ జాబితాలో దశాబ్దాల తరబడి అలాగే ఉంది, ఎవరూ క్లోజ్ చెయ్యని టికెట్‌లాగా.

ఇంకో మాట దాచకూడదు. సైన్యం వచ్చాక ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు ముస్లిముల మీద జరిగిన హత్యాకాండకి మాట్లాడే రాయబారి ఎక్కడా లేడు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, మొత్తం మీద 27 వేల నించి 40 వేల మంది పోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక మామూలు జనం చూడ్డానికి 2013 దాకా పట్టింది. సెప్టెంబరు 17 వస్తే విమోచనమా విలీనమా అని మనవాళ్ళు కొట్టుకుంటారు చూడండి, బైరాన్‌పల్లిని తల్చుకునేవాళ్ళు ఈ నివేదిక చదవరు, ఇది చదివినవాళ్ళు బైరాన్‌పల్లి పేరెత్తరు. నాకు రెండు వైపులా స్నేహితులున్నారు, రెండు వైపులా తిట్లు తిన్నాను.

లండన్ డబ్బు కథ చెప్పకపోతే ఇది పూర్తి కాదు. 1948 సెప్టెంబరు 20న, అంటే లొంగుబాటు అయ్యాక, వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వం ఖాతాలో ఉన్న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేరు మీదికి మారిపోయాయి. సంతకానికి అధికారం ఉన్న మొయిన్ నవాజ్ జంగ్ పని అది. వారం తిరక్కుండా, 27న, నేను ఒప్పుకోలేదు, నా డబ్బు నాకిచ్చెయ్యండి అని నిజాం బ్యాంకుకి రాశాడు. ఎవరి తరఫున సంతకం పెట్టాడు అన్న పాత ప్రశ్నే మళ్ళీ, ఈసారి బ్యాంకు కౌంటర్లో. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్తే, పాకిస్తాన్ సార్వభౌమ రాజ్యం, దాని మీద మన కోర్టులో దావా నడవదు అన్నారు. హైదరాబాదుకి జీవితమంతా దొరకని ఆ సార్వభౌమ హోదా, హైదరాబాదు డబ్బుకే అడ్డంపడింది. చివరికి 2013లో పాకిస్తానే దావా వేసి ఆ రక్షణ వదులుకుంది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు, ఆ డబ్బు ఏడో నిజాందే, ఆయన తర్వాత ఇండియాకీ, మనవలు ముకర్రం జా, ముఫఖం జా లకీ చెందుతుందని తీర్పిచ్చింది. అప్పటికది మూడున్నర కోట్ల పౌండ్లు. కూర్చుని లెక్కేశాను, 71 ఏళ్ళకి ఏడాదికి సుమారు 5 శాతం చక్రవడ్డీ. ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకుంటే మరీ అన్యాయమేం కాదు.

ఆ తీర్పుకి సరిగ్గా పదహారు రోజుల ముందు, సెప్టెంబరు 16న, ఇక్కడ హైకోర్టులో ఎర్రమంజిల్ కేసు తేలింది. మహల్ పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని కోర్టు కొట్టేసింది. ఆ వారాంతం పంజగుట్ట వెళ్ళి, ఇరవై ఏళ్ళ బాకీ తీర్చుకుందామని గుట్ట ఎక్కాను. పెచ్చులూడిన గోడలు, ముళ్ళకంపలు, గేటు దగ్గర కాపలా. లోపలికి పంపలేదు. ఎవరి తరఫున వచ్చావని అడిగాడు కాపలా ఆయన. ఎవరి తరఫునా కాదు, ఊరికే చూద్దామని అన్నాను. అయితే కుదరదు సార్ అన్నాడు.

జైన్ యార్ జంగ్ సంగతి చెప్పడం మర్చిపోయాను. లొంగుబాటు తర్వాత చౌధురి పరిపాలనా మండలిలో ఒక సభ్యుడయ్యాడు. ఢిల్లీలో నిజాం కోసం లుట్యెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్ ఇప్పుడు కేంద్రానిది. మన ప్రధానమంత్రులు విదేశీ నాయకుల్ని కూర్చోబెట్టి ఒప్పందాల మీద సంతకాలు పెట్టేది అక్కడే. దాని పక్కనే ఆంధ్రా భవన్ క్యాంటీను. నేను ఢిల్లీ వెళ్ళినప్పుడల్లా ఆ లైన్లో టోకెన్ పట్టుకుని నిలబడతాను. అక్కడ ఎవరూ ఏమీ అడగరు, పప్పులో నెయ్యి వేస్తారు.